ముందుగా లేవలేని ఉత్సుమి గారు

1991 ఏప్రిల్ ఒకటవ తేదీన, చేతికర్ర ఊతంతో మొరియొకాలోని మన ఉత్తర ప్రాంత అశ్వక్రీడా సమాఖ్య మెట్లెక్కి విధులలో చేరిన శ్రీ ఉత్సుమి కియోతకా గారు, ఈ మార్చి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

అంతకు మునుపు వారు పేరుమోసిన రౌతు. కొగరషి అనే గోధుమవన్నె గుర్రంపై అడ్డంకులు దూకే పోటీలలో కీర్తి గడించి, జాతీయ జట్టు గడప దాకా వచ్చి, ఆఖరి ఎంపిక పోటీలో పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. రౌతు పడితే గుర్రం పారిపోవడం సహజం. కొగరషి మాత్రం స్ట్రెచర్ వచ్చేదాకా వానలో వారి తల దగ్గరే నిలబడింది. "దాని ఆఖరి ఘడియలో నేనూ అలాగే పక్కనుండాలి. నాకింకో కోరిక లేదు" అని వారు చేరిన కొత్తలోనే అన్నారు.

గుమాస్తాగా మొదలై, పోటీల నిర్వహణాధికారియై, తుదకు ప్రధాన కార్యదర్శియైన వారి ప్రస్థానంలో సన్మానాలకన్న చీవాట్లే అధికం. మైదానం చిత్తడైనా వారిదే తప్పు, న్యాయనిర్ణేతల భోజనం చల్లారినా వారిదే తప్పు. ఎవరేమన్నా నడుము వంచి క్షమాపణ చెప్పి, లేచేటప్పుడు తుంటి పట్టుకుని మూలిగేవారు.

మన కార్యాలయ మర్యాద ఎరిగినదే: పెద్దలు లేవందే చిన్నలు లేవరు. వారు ప్రధాన కార్యదర్శి అయ్యాక ఒక శీతాకాలపు మధ్యాహ్నం, కొండ కింది గుర్రపుశాల నుంచి కొగరషి కూలబడిందని వారికి ఫోను వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. పని ముగిసే వేళ దాటింది. వారు కోటు వైపు చూస్తారు, మా వైపు చూస్తారు, మళ్ళీ కూర్చుంటారు. మేమూ చేసిన పనే మళ్ళీ చేస్తూ, ఆకలికి కడుపు కాలుతున్నా కదలం. చివరికి లెక్కలు చూసే ఒబొనై చియె గారికి ఓపిక నశించింది.

"ఏమండీ, ఇవాళ ఇళ్ళకు పోనిస్తారా, ఇక్కడే పక్కలు వేసుకోమంటారా?"

"నేనాపానా? మీరంతా కష్టపడుతుంటే నేనెలా పోతానమ్మా?"

"అయ్యో నా తలరాత! మీరు లేస్తే గదా మేం లేచేది! మా పనెప్పుడో అయిపోయింది."

"నా గుర్రం పోయేట్టుందమ్మా."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ! లేవండి, కారు తీస్తాను."

మంచులో ఎంత తోలినా, వారు చేరేసరికి కొగరషి కన్నుమూసింది. మెడ ఇంకా వెచ్చగానే ఉందట. మరునాడు వారు వేళకే వచ్చి, మమ్మల్ని ఆలస్యంగా కూర్చోబెట్టినందుకు మాకే క్షమాపణ చెప్పారు. ఆ మర్యాద పాడుగాను! మేమెవ్వరం తలెత్తలేకపోయాం. అయినా ఆ అలవాటును మేమూ మానలేదు, వారూ మానలేదు.

గత నెల సభలో పాలకమండలి వారు, మరి రెండేళ్ళు సలహాదారుగా ఉండవలసిందని వారిని కోరారు. కాదనడం ఎరుగని మనిషి గనుక ఒప్పుకుంటారనే అందరం అనుకున్నాం. ఉత్సుమి గారు బల్ల పట్టుకుని మెల్లగా లేచారు.

"చాలండి. అలిసిపోయాను. శాలలో ఒక ముసలి గుర్రం ఉంది, నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. నేను పోవాలి."

సభ ఇంకా ముగియలేదు. అధ్యక్షుల వారు కూర్చునే ఉన్నారు. ఉత్సుమి గారు కోటు తీసుకుని, కుంటుకుంటూ బయటికి నడిచారు. ఈసారి గుర్రం బతికుండగానే చేరుకున్నారు.

వారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలనీ, వారి తుంటి నొప్పి ఉపశమించాలనీ, ఏ పనీ తెమలక వచ్చే నెలనుంచి మేము చేయబోయే ఫోన్లకు వారు పలకకుండా ఉండాలనీ హృదయపూర్వకంగా కోరుకుంటున్నాము.