ఒక్క కొమ్ము తడిస్తే ఒట్టు

"చాయ్ మంచిగ మరగనియ్యి హన్మయ్యన్నా, తొందరేం లేదు. మొన్న శుక్రారం నేను గాలివానను ఆపిన ముచ్చట గీళ్ళకు చెప్పాలె."

ఆర్మూర్ పసుపు మార్కెట్ గేటు ముందర హన్మయ్య చాయ్ హోటల్. మాట్లాడుతున్నది మెండోర రైతు సాయిలు. ఒళ్ళో, వానకు కప్పే నీలం తాడ్‌పత్రి మడతపెట్టి ఉంది. ఎదురు బల్ల మీద ఆటో నడిపే దేవిదాస్. గోడ నీడన, మార్కెట్లో పసుపు చెరిగే ఎస్తేరు గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"గొప్పకు చెప్తలేను, చిన్న పనే. నేనూ నా పెండ్లాం గంగమణీ తొమ్మిది నెలలు కష్టపడి పండిచ్చిన పసుపు, తవ్వి, ఉడకవెట్టి, ఎండవెట్టి, ట్రాలీల ఏసుకొని మధ్యాహ్నం గీడికొచ్చిన. వస్తే ఏమున్నది? గుడ్ ఫ్రైడేనట, మార్కెట్ బంద్. పండుగ అయ్యేదాంక కొనేటోళ్ళు రారట. మా ఇంట్ల క్యాలెండర్ లేదా అంటే ఉన్నది, దాని మొలకే నా అంగి తగిలేస్త, తారీఖు కనవడది. సరే, జర ఎండుతదని సంచులిప్పి బయటనే కుప్ప వోసిన. ఎండ ఎట్లున్నదనుకున్నరు? అంకాపూర్ చేన్లల్ల మక్కకంకులు చెట్టు మీదనే కాలినయి. జనం తెంపుకునుడు, ఉప్పు రాసుకునుడు, తినుడు."

"నేను గూడ గా తొవ్వలనే ఆటో తోలిన, నాకు కనవడలే," అన్నాడు దేవిదాస్.

"నువ్వొచ్చేవరకు తినుడైపోయిందిరా తమ్మీ. జర విను. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? శ్రీరాంసాగర్ ప్రాజెక్టు దిక్కుకెల్లి నల్లటి మబ్బు లేసింది. పసుపు తడిస్తే ఏమైతది? బూజు వడ్తది, నల్లవడ్తది, ఎవ్వడు ముట్టడు. ఏడాది బుక్క వానపాలు! కప్పుదామంటే నా తాన ఏమున్నది, భుజం మీది తువ్వాల. గప్పుడొచ్చింది గాలిల ఎగురుకుంట గీ తాడ్‌పత్రి! ఒక్క దుంకు దుంకి రెండు కొనలు పట్టిన. పడితే ఆగిందా? నన్ను గూడ లేపుకొని పోయింది."

"ఎంత ఎత్తు లేపింది?" హన్మయ్య చాయ్ వడపోస్తూ అడిగాడు.

"ముందుగాల కరెంటు తీగలంత. మల్ల సిద్ధులగుట్టంత. గుట్ట మీది కోతులు నా కాళ్ళు పట్టుకొని ఏలాడినయి, ఇదిలిచ్చిన. మెండోర మీదికెల్లి పోతుంటే కింద మా గంగమణి వాకిట్ల మిరపకాయలు ఎత్తుతున్నది. 'ఓ గంగమణీ, రాత్రికి తొక్కు నూరు' అని మీదికెల్లే చెప్పిన. నూరింది గూడ, కావాల్నంటే పోయి అడుగుండ్రి. గప్పుడే వాన షురువైంది. దాన్ని కిందికి దిగనిస్తనా నేను? తాడ్‌పత్రిని జోలె లెక్క పట్టి, ఆర్మూర్ మీద పడాల్సిన నీళ్ళన్ని అండ్లనే పట్టి, తీస్కపోయి శ్రీరాంసాగర్ల కుమ్మరిచ్చిన. ఐదుసార్లు తిరిగిన! చేపలు ఒడ్డుకొచ్చి దండం వెట్టినయి. 'సాలు సాయిలూ, మేమే మునిగేటట్టున్నం' అన్నయి."

"చేపలు తెలుగుల అన్నయా?" అన్నాడు దేవిదాస్.

"మెండోర చేపలు మరి, ఇంకేం భాషల అంటయి? ఆఖరుకు గాలికే ఆయాసమొచ్చింది. నన్ను మెల్లగ తెచ్చి కుప్ప మీద దింపిపోయింది. ఒక్క కొమ్ము తడిస్తే ఒట్టు! ఇగ చెప్పుండ్రి, గా పసుపును కాపాడింది ఎవలు? నేనొక్కన్నే!"

ఎస్తేరు గ్లాసు కింద పెట్టింది.

"గంత ఎత్తు ఎగిరినోనివి, చెప్పులు తలకింద వెట్టుకొని ట్రాలీ కింద గుర్రువెట్టింది ఎవలే? మా వాడల ప్రార్థన పందిరి మీద కప్పుదామని నేనూ మా ఇంటాయన యాకోబూ గా తాడ్‌పత్రి తీస్కపోతున్నం. కుప్ప చూసి, 'లే అన్నా, వానొస్తున్నది' అని పిలిస్తే, 'ఐదు నిమిషాలు' అని అటు మల్లినవు. కల్లు వాసన గుప్పుమన్నది! మేమే గుంజి కప్పినం, సుట్టు రాళ్ళు వెట్టినం. ఆడ మావోళ్ళందరు తడుసుకుంటనే ప్రార్థన చేసిండ్రు. నా తెల్లచీరకు నీ పసుపు మరకలు ఇంక పోలే. పండుగకు నవీపేట్ పోయి ఇయ్యాలనే పనికొస్తిని, వచ్చేసరికి చేపలు దండం వెట్టినయట!"

దేవిదాస్‌కు చాయ్ పొలమారింది. హన్మయ్య గరిటె పక్కన పెట్టి మరీ నవ్వాడు. సాయిలు మాత్రం లేచి, తాడ్‌పత్రిని రెండు చేతులా పట్టుకుని ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"దొరికినవా అక్కా! నాలుగొద్దులాయె ఎతుకవట్టి. ముందుగాల 'గిది ఎవలది' అని మంచిగనే అడిగిన. నాదంటే నాదని ముగ్గురొచ్చిండ్రు. ఎట్ల కప్పిండ్రో చెప్పుమంటే నీళ్ళు నమిలిండ్రు. గందుకే, కాపాడింది నేనేనని దొరికిన చాయ్ హోటలల్ల కోతలు కోసిన. నిజంగ కప్పినోళ్ళు ఇంటే కడుపు మండి నన్ను తిట్టకపోతరా అని. లేసి కుప్పల చెయ్యి వెడితే కొమ్ములు గలగలమన్నయి అక్కా. ఆడనే కూసుండి ఏడ్చిన. మీరు లేకుంటే గంగమణికి నా మొకం ఎట్ల చూపెడుదు? మీ మేలు మర్వ. నీకు కొత్త చీర పెడత."

ఎస్తేరు తాడ్‌పత్రి అందుకుంది. అప్పటిదాకా ఉన్న కోపం ఆమె గొంతులో లేదు.

"చీరొద్దు గీరొద్దు అన్నా. మళ్ళ మేము పందిరేసేటప్పుడు వచ్చి రెండు గుంజలు పాతు, సాలు."

"రెండా? అక్కా, ఒకపారి నేను పొద్దు పొడవక ముందే ఒక్కన్నే రెండొందల గుంజలు..."

"సాయిలన్నా!"

"రెండే పాతుత అక్కా."