మసల్ పాఠం

సంతబొమ్మాళి తీరంలో ఆలిచిప్పలు ఏరుతుంటే ఇంగ్లీషు లెక్చరర్ కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. పోటు నీళ్లు అతని నడుము దాటాయి. భార్య గడ్డం దాకా నీళ్లలోకి వంగి అతని పిక్క పట్టుకుంది.

“లాగకు బావా! ఈ సిప్పని ఇంగ్లీషులో ఏటంతారు?”

“సచ్చిపోతన్నానే! ఇప్పుడా పాఠం?”

“సెప్పు.”

“మసల్.”

“ఆ మాటెక్కడిది?”

“లాటిన్‌ది. సిట్టెలక అని. కండకీ అదే మాట. కండ కదిల్తే సర్మం కింద ఎలక పరిగెట్టినట్టుంటాదని.”

“మరి సిప్పకెందుకెట్టారు?”

“నల్లగా, సిన్నగా, ఎలకలాగే... అబ్బా!”

“వచ్చీసింది! మాటల్లో పడి కాలు బిగబట్టడం మానీసావు.”

“నీకు బయ్యమే లేదేటే?”

“లేకపోడమేటి? నన్ను పట్టుకో బావా. నాకు ఈత రాదని మర్సిపోనావా?”