మా గేటు పన్నెండడుగులే

సభాధ్యక్షులు, మున్సిపల్ ఇంజనీర్ రామబ్రహ్మం గారికి, ముందు వరుసలోని కాలనీ పెద్దలకు, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న మా పిల్లలకు, ఈ సాయంత్రంతో ఉద్యోగ విరమణ చేస్తున్న రంగుల మేస్త్రీ ఎల్లేశం గారికి, ఆయన భార్య రుక్కమ్మ గారికి నమస్కారం.

నా పేరు భ్రమరాంబ, నాలుగో నంబరు ఇల్లు. ఎల్లేశం గారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. కానీ ఆయన మీద మున్సిపల్ ఆఫీసులో ఒక ఫిర్యాదు ఇంకా తేలకుండా ఉంది. ఇవాళ తేలకపోతే ఆ మచ్చతోనే ఇంటికి వెళ్ళాలి. అది రాసింది నేనే. ఎదురింటి సుబ్రహ్మణ్యం గారూ, మీరు కంగారుపడకండి, మీ సంతకం రెండోది. (నవ్వులు)

రాయదుర్గం దాకా మెట్రో వచ్చాక మన వీధి ఎలా మారిందో మీకు తెలుసు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆఫీసులకు పోయేవాళ్ళ కార్లు మన గేట్లకు అడ్డంగా ఆగితే మళ్ళీ దీపాలు పెట్టే వేళ దాకా కదిలేవి కావు. విసిగిపోయి మా ఇంటి ముందు ఫుట్‌పాత్ రాళ్ళకు, ఇక్కడ బండి ఆపకూడదనే గుర్తుగా, నేనే పసుపు రంగు వేయించాను. పసుపు చూసి కార్లు ఆగడం మానేశాయి. నన్ను చూసి ఎదురింటివారు, వాళ్ళను చూసి పక్కింటివారు వేయించారు. ఏటా దసరాకు ముందు కొత్త రంగు పడ్డప్పుడల్లా ప్రతి ఇల్లూ అటో మూరెడు, ఇటో మూరెడు పెంచుకుంది. చివరికి వీధంతా పసుపై, మన చుట్టాలే పక్క వీధిలో బండి పెట్టి, అక్కడివాళ్ళ చేత మాటలు పడి నడిచి రావలసి వచ్చింది.

అప్పుడు ఎల్లేశం గారు వచ్చి దాని మీద, బండి ఆపుకోవచ్చనే గుర్తుగా, నలుపు తెలుపు వేయడం మొదలుపెట్టారు. నేను అడ్డం నిలబడ్డాను. "అమ్మా, గీ రంగు ఏసే హక్కు నీకు లేదు, నాకు లేదు. ఆర్డర్ ఉంటెనే ఏస్త" అన్నారు. కార్లవాళ్ళ దగ్గర ఏదో పుచ్చుకుని మా రంగు తీసేస్తున్నారని ఫిర్యాదులో రాశాను. పాల ప్యాకెట్ల నుంచి కరెంటు మీటరు దాకా కళ్ళతో చూసి గానీ లెక్కల పుస్తకంలో రాయని మనిషిని, ఆ ఒక్క వాక్యం మాత్రం చూడకుండా రాశాను.

వారం తర్వాత, నా ఫిర్యాదు మీద ఆఫీసు ఇచ్చిన నోటీసు జేబులో పెట్టుకుని ఆయన మా ఇంటికే వచ్చారు. నేను తగాదాకు సిద్ధపడ్డాను. "టేపు పట్టుకొని జర వస్తవా అమ్మా?" అన్నారు, అంతే. కొలిచాం. మా గేటు పన్నెండడుగులు, మా పసుపు ముప్ఫై ఒకటి. (నవ్వులు) నవ్వకండి, మీ ఇళ్ళ కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయి. కొలుస్తూ కొలుస్తూ మూలమలుపు దగ్గర ఆగాం. అక్కడ బండి నిలిపితే అటునుంచి వచ్చే స్కూలు వ్యాను కనిపించదు. పసుపు తప్పక ఉండాల్సిన చోటు అదొక్కటే. అక్కడ చుక్క రంగు లేదు. ఎవరి గేటూ లేదు కదా, ఎవరికి పట్టింది? ఆ మలుపుకు ఆర్డర్ తెప్పించి పసుపు వేసింది ఈయనే.

ఇది జరిగి మూడు నెలలు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఒక్క కాగితం చాలు. రాయలేదు. తీరిక లేక కాదు, కాలనీలో నా మాటకు విలువ పోతుందని.

రామబ్రహ్మం గారూ, ఇదిగో కాగితం. నా ఆరోపణకు ఆధారం లేదని, తప్పు నాదని రాశాను.

ఎల్లేశం గారు "ఇప్పుడెందుకమ్మా గదంత, ఇడిసిపెట్టు" అంటున్నారు. రుక్కమ్మ గారేమంటున్నారో వెనకవాళ్ళకు వినబడదు, మైకులో చెబుతాను: "నువ్వూకో. మూడు నెలల సంది నీకు నిద్ర లేదు. గా అమ్మను చెప్పనియ్యి."



సార్, అందినట్టు సంతకం పెట్టి, తేదీ వేసి, నకలు ఇప్పుడే ఇవ్వండి. నాకు కాదు, రుక్కమ్మ గారి చేతికి.

సంతకం అయింది. (చప్పట్లు)

శాలువా సుబ్రహ్మణ్యం గారు కప్పుతారు. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఎల్లేశం గారూ, తలెత్తుకుని ఇంటికి వెళ్ళండి. సెలవు.