ఎండలో పెట్టిన గాజు గొట్టం

కాదు బావా, తప్పులు రాసుకోడానికి కూడా ఓ పుస్తకమా! ఎక్కడన్నా విన్నావా? మా ఆసుపత్రికి కొత్తగా వచ్చిన మల్లికార్జునరావు డాక్టరుగారు పెట్టారు. పదహారేళ్ళుగా రక్తపరీక్షలు చేస్తున్నవాణ్ణి, నాకు పరీక్ష!

కూర్చో, కూర్చో. కోడూరు బస్సుకి ఇంకా టైముంది.

ప్రతి సోమవారం ఒకే రక్తం రెండు సీసాల్లో పోస్తారు. ఒకటి నాకు, ఒకటి రైల్లో గుంటూరుకి. తేడా ఎంతొస్తే అంత దగ్గర గళ్ళ కాగితం మీద ఓ చుక్క. పెట్టుకోనీ, నాకేం భయం అనుకున్నాను. నా చెయ్యి అలాంటిది మరి!

రెణ్ణెల్లు తిరక్కుండానే పిలిచారు. రక్తంలో బలం నూటికి డెబ్భై అని నేనన్నచోట గుంటూరువాళ్ళు యాభై ఐదంటున్నారు. "శేషగిరీ, చెయ్యి తప్పితే చుక్కలు పైనా పడతాయి, కిందా పడతాయి. నీవన్నీ పైనే ఉన్నాయేమిటయ్యా?" అన్నారు. కేకలేసినా బాగుండేది.

ఎందుకో తెలుసా? రక్తంలో ఆసిడ్ కలిపితే కాఫీ రంగొస్తుంది. పక్కనున్న గాజు గొట్టం రంగుకి సరిపోయేదాకా నీళ్ళు పోస్తాం. ఎక్కువ నీళ్ళు పడితే రక్తం బాగున్నట్టు. మరి ఆ గొట్టమే వెలిసిపోతే? అందరికీ ఎక్కువ నీళ్ళే పడతాయి. పాలిపోయిన మనిషికి కూడా ఢోకా లేదని రాసిచ్చేస్తాం.

వెలిసేలా చేసిందెవరు? నేనే! బందరు ఉప్పుగాలికి బూజు పడుతుందని, ఊరగాయ ముక్కలు ఎండబెట్టినట్టు రోజూ కిటికీలో ఎండకి పెట్టాను. దసరాకి బొట్టు కూడా పెట్టాను బావా.

నాకెందుకు చెబుతున్నావంటావా?

మూడేళ్ళ కిందట, ఎనిమిదో నెల కడుపుతో నీ చెల్లెలు కళ్ళు తిరుగుతున్నాయంటే, వేలికి సూది గుచ్చి చూసింది కట్టుకున్న నేనే. డెబ్భై రెండు. "నిక్షేపంలా ఉన్నావు నాగరత్నం, హాయిగా పుట్టింటికెళ్ళు" అని నవ్వాను. నవ్వాను బావా!

కాన్పులో పోయిన రక్తం మామూలు మనిషైతే తట్టుకునేదేనట. దానికి ఒంట్లో ఏముందని? తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. నేనొచ్చి ఏమన్నాను? రక్తం దివ్యంగా ఉంది, చంపింది మంత్రసాని చిట్టెమ్మేనని. ఆ మాట పట్టుకునేగా నువ్వు ఆవిణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొట్టావు.

మూడేళ్ళ కిందట గొట్టం ఎంత వెలిసిందో ఎవరూ చెప్పలేరోయ్, అన్నారు డాక్టరుగారు. దయతోనే అన్నారు. కానీ కళ్ళు మూస్తే ఆ గొట్టమే. చుక్కా చుక్కా నీళ్ళు పోస్తూనే ఉంటాను, రంగు సరిపోదు. నాగరత్నం ఎదురుగా వేలు చాపుకుని కూర్చునే ఉంటుంది.

అలా చూడకు. కొట్టాలనుంటే కొట్టు.

చిట్టెమ్మ బంటుమిల్లిలో కూలికెళ్తోందట. కాన్పులకి ఎవరూ పిలవరట. మొన్న వెళ్ళాను. వీధి మొదట్లోంచే తిరిగొచ్చేశాను.

అదిగో, మీ కోడూరు బస్సు. ఎక్కకు బావా. బంటుమిల్లి బస్సు దాని వెనకే ఉంది. ఆవిడ గుమ్మం ముందు నేనొక్కణ్ణీ నిలబడలేను.