రేగుకుంటకు యూరియా లారీ

మహబూబాబాద్‌లో ఓ చిన్న రేడియో స్టేషన్. మధ్యాహ్నం ఫోన్ ముచ్చట్ల కార్యక్రమం లైవ్‌లో నడుస్తోంది. మైకు ముందు శ్రీవాణి, అద్దం అవతల మీటల దగ్గర కైలాసం.

“వచ్చింది చెల్లే! వచ్చేసింది!”

“హలో, హలో... ఎవరండీ? ఏం వచ్చింది?”

“నేను కళావతిని. గొంతు గుర్తువట్టలే? మొన్న మాట్లాడిన, నిన్న మాట్లాడిన...”

“అయ్యో, కళావతక్కా! గుర్తువట్టకపోతనా? నువ్వు గట్ల అరిస్తే ఎవరో అనుకున్న. లారీయేనా?”

“లారీయే. యూరియా లారీ. ఇప్పుడే సొసైటీ మలుపు తిరిగింది. నా కండ్లతోని చూసిన. ఇంకా బస్తాలు దించలే, నీకే ముందు ఫోన్ జేసిన.”

“నాకేనా?”

“మరి? మా ఆయనకు సుత చెయ్యలే. హైదరాబాద్‌ల ఇటుకలు మోస్తుండు, పనిల ఉంటే ఫోన్ ఎత్తడు. రోజూ అడిగేది నువ్వే గదా, వచ్చిందా అక్కా, తిన్నవా అక్కా అని. వేరే ఎవరు అడుగుతున్నరు?”

“అక్కా, ఎంత మంచి కబురు చెప్పినవు! ఇన్నరా అందరు? రేగుకుంట సొసైటీకి యూరియా లారీ వచ్చింది. మళ్ల చెప్తున్న. పెద్దవంగర దిక్కు రేగుకుంట. మొన్నటిసంది లైన్ల చెప్పులు పెట్టి, గోడ నీడకు పండుకున్న అక్కలకు, అన్నలకు... కైలాసమన్నా, జర చప్పట్ల సౌండ్ వెయ్యే!”

“చెల్లే, నీ గాజులు మోగుతున్నయి.”

“రేడియోల ఇనిపిస్తున్నయా?”

“మంచిగ ఇనిపిస్తున్నయి. పెండ్లయి నెల గాలే, మోగనియ్. ఇగ నేను పోత, చెప్పుల కాడ ఉండాలె.”

“నీ చెప్పులు ముందలున్నయా, ఎనకనా?”

“ముందల్నే. నావి, నా ఎనక మా తండావోల్లయి, అన్ని ఒక్క వరుసన. ఒకరి జాగ ఒకరం కాపాడుకున్నం. కండ్లు మండుతున్నయి, నిద్ర లేదు. మక్క చేను పసుపురంగుకు తిరిగింది చెల్లే. మొన్నటి వానకు భూమి పదునుగున్నది. గీ పదునుల చల్లకపోతే ఇగ కంకి పట్టది. ఇయ్యాల చేతికొస్తే మాపటికే చల్లుత.”

“అట్లనే కావాలె. బస్తా చేతికి రాంగనే మళ్ల ఫోన్ జెయ్యి అక్కా... తర్వాత ఎవరు? హలో?”

“హలో, జనగామ నుంచి వనమాల. మాది కిరాణం దుకాణం.”

“చెప్పండి వనమాలక్కా. ఇయ్యాల్టి ముచ్చట కోతుల బాధ. మీ జనగామల ఎట్లున్నది?”

“ఏం చెప్పాలె! గల్లపెట్టె కాడ నేనుంటే బెల్లం బుట్ట కాడ అవి ఉంటున్నయి. నిన్న ఒకటి బెల్లం ముద్ద ఎత్తుకపోయి, మా షట్టర్ మీదనే కూసోని తిన్నది, నా మొకం జూస్కుంట.”

“నవ్వొస్తుందక్కా, ఏమనుకోకు.”

“నవ్వు, నవ్వు. నాకైతే నవ్వే ఓపిక సుత లేదు. అది గాదు గని, నువ్వు ఇప్పుడు చెప్పిన రేగుకుంటకు ఎటు పోవాలె? దుకాణంల రేడియో పెద్దగ పెట్టిన. సామానుకు వచ్చిన రైతులు సామాను ఆడనే ఇడిసిపెట్టి దారి అడుగుతున్నరు. బండ్లు స్టార్ట్ జేసిండ్రు.”

“జనగామ నుంచా? గంత దూరం వస్తరా?”

“దొరుకుతదంటే దూరం ఎవడు జూస్తుండు?”

“సరే అక్కా, సరే... ఇంకో ఫోన్ ఉన్నది. హలో?”

“భూపాలపల్లి రాజమల్లును మాట్లాడుతున్న. బొగ్గుబాయిల పన్జేసి రిటైరైన. మీ ముచ్చట్లు రోజూ ఫోన్ల ఇంట. బిడ్డా, రేగుకుంటల ఎవల పాస్‌బుక్ అయినా ఇస్తరా, ఆ ఊరోల్లకేనా?”

“అది నాకు తెల్వదు పెద్దనాయినా. కోతుల గురించి...”

“కోతులతోని మాకేం పంచాయితి లేదు. రెండెకరాల వరి పెట్టిన. ట్రాలీ మాట్లాడుకుంటున్నం. దారి చెప్పు.”

“మీరు వచ్చేసరికి అయిపోతయేమో...”

“అందుకే జల్ది చెప్పు!”

“శ్రీవాణీ, పాట వేస్తున్న. ఇగ ఆపు, పాట వేస్తున్న.”

“మిత్రులారా, కొన్ని పాటల తర్వాత మళ్ల మాట్లాడుకుందాం.”

“మైకు బంద్ జేసిన. ఇప్పుడు చెప్పు. ఊరి పేరు ఎందుకు చెప్పినవు?”

“మంచి కబురు గదా కైలాసమన్నా! చెప్పొద్దా?”

“లారీ వచ్చింది అను, చాలు. ఊరి పేరెందుకు? అదీ రెండుసార్లు. పెద్దవంగర దిక్కని దారి సుత జూపెడితివి.”

“సంతోషంల నోట్లకెల్లి వచ్చేసింది. ఆమె ఎంత సంబురపడ్డదో నువ్వు ఇనలేదా?”

“ఇన్న. ఇటు జూడు, లైన్లన్ని మోగుతున్నయి. ఒక్కడు సుత కోతుల గురించి మాట్లాడేటట్టు లేడు. అన్ని దారి అడిగే ఫోన్లే.”

“ఇప్పుడెట్లన్నా?”

“ఎట్లనో నాకేం ఎరుక? నేను అలిసిపోయిన బిడ్డా. ఒకనాడు కరెంటు, ఒకనాడు యూరియా, ఒకనాడు కోతులు. పొద్దంత మంది గోస ఇనుడు, నడుమ నడుమ పాట వేసుడు. ఇగో, మళ్ల కళావతి నంబరే. మూడో పాట నడుస్తుంది, మాట్లాడు.”

“చెల్లే, ఎంత పని జేసినవ్!”

“ఏమైందక్కా?”

“మంది వచ్చిండ్రు. చుట్టుపక్కల ఊర్లన్ని ఈడనే ఉన్నయి. బండ్ల మీద, ఆటోలల్ల ఇంకా వస్తనే ఉన్నరు. మా చెప్పులు కాళ్లతోని తన్నిండ్రు, తీసి గోడకు ఇసిరేసిండ్రు. చెప్పులకు లైనేంది, మనిషి నిలవడితేనే లైను అంటున్నరు.”

“మొన్నటిసంది ఉన్నమని చెప్పలేదా?”

“ఎవరికి చెప్పాలె? ఎవరినడిగినా రేడియోల ఇన్నం, రేడియోల ఇన్నం. రేడియోల ఎవరు చెప్పిండ్రు?”

“అక్కా, నువ్వే గదా లైవ్‌ల ఫోన్ జేసి...”

“నేను నీకు చెప్పిన! నీకు! సంబురమై నీకు చెప్పుకుంటే జిల్లా అంత చాటింపు వేస్తవా?”

“అది రేడియో అక్కా. నాకు చెప్తే అందరికి ఇనిపిస్తది.”

“ఎరుకలేక గాదు. నీతోని మాట్లాడుతుంటే, ఇంకెవరో ఇంటున్నరన్నది యాదికే ఉండదు.”

“...ఇప్పుడు యాడున్నవు?”

“గేటు బయట. అందరికన్న ముందున్నదాన్ని, అందరికన్న ఎనకవడ్డ. సార్లు గేటు మూసిండ్రు. మంది తగ్గితే ఇస్తరంట, లేకుంటే తాళమేసుకొని పోతరంట. ఇయ్యాల పోతే నా చేను పోయినట్టే చెల్లే. ఫోన్‌ల చార్జింగ్ అయిపోతుంది, ఎర్రగ జూపెడ్తుంది...”

“అక్కా! హలో! కళావతక్కా!”

“కట్టయింది. ఆగు, నేను కలుపుత... స్విచాఫ్.”

“అన్నా, ఆడ మంది తగ్గాలె. తగ్గితే ఆమెకు దొరుకుతది.”

“మనం తగ్గిస్తమా? మనమేమన్న పోలీసులమా?”

“మనం పిలిస్తే వచ్చిండ్రు. మనమే పంపియ్యాలె.”

“ఏమని? దయచేసి ఎల్లిపోండి అంటే పోతరా?”

“ఇంకో కాడ దొరుకుతదంటే పోతరు.”

“శ్రీవాణీ.”

“డోర్నకల్‌కు రైలుల యూరియా వచ్చిందని చెప్త. జంక్షన్ గదా, నమ్ముతరు. రేపు పొద్దుగాల స్టేషన్ కాడనే ఇస్తరని చెప్త.”

“వచ్చిందా?”

“రాలే.”

“రానిదాన్ని వచ్చిందని చెప్తవా? గీ మైకుల?”

“ఒక్కసారి అన్నా.”

“ఇను. వాన పడ్తదని చెప్పినం, పడలే. బస్సు వస్తదని చెప్పినం, రాలే. తిట్టుకుంటనే అయినా ఇంటున్నరు. ఎందుకో ఎరుకనా? మనం తెలిసి ఎన్నడు అబద్ధం చెప్పలే.”

“ఎవరు నష్టపోరన్నా. ఇప్పుడు ఇండ్లకు పోతరు, అంతే. సాయంత్రం వార్తలల్ల నేనే చెప్త, పొరపాటయింది, రైలు రాలేదు అని. ఎవరు డోర్నకల్ దాక పోకముందే చెప్త.”

“నీకంత సులువుగ కనపడుతుందా?”

“నా నోటి వల్ల చెదిరిన లైను అది. ఆమెకు ఇయ్యాల ఒక్కరోజే ఉన్నది. పాట అయిపోతుంది, మైకు ఇయ్యి.”

“ఇయ్యను.”

“అన్నా!”

“...నీతోని కొట్లాడే ఓపిక నాకు లేదు. తీస్కో. ఎర్రలైటు వెలిగింది.”

“మిత్రులారా, కోతుల ముచ్చటకు ముందు ఒక ముఖ్యమైన కబురు. డోర్నకల్ జంక్షన్‌కు రైలుల యూరియా వచ్చింది. రేపు పొద్దుగాల స్టేషన్ బయటనే, పాస్‌బుక్ చూసి, రెండేసి బస్తాలు ఇస్తరు. సరిపోయేంత ఉన్నది. రేగుకుంట కాడ ఉన్నోల్లు పరేషాన్ గావద్దు. నిమ్మళంగ ఇండ్లకు పోండి... మళ్ల ఫోన్లల్లకు పోదాం. రాజమల్లు పెద్దనాయినా, మీరేనా?”

“నేనే బిడ్డా. ట్రాలీ ఎక్కినం. ఇంతల నీ మాట ఇని దిగినం. డోర్నకల్ ఇంకా దూరమాయె, అయినా రెండు బస్తాలంటే... నిజమే గదా?”

“...విన్నరు గదా పెద్దనాయినా.”

“నువ్వు చెప్పినంక ఇగ అడుగుడేంది. ఉంట.”

“పాటలు ఇన్నరు గదా, మళ్ల ఫోన్లల్లకు వచ్చినం. హలో? ఇంకెవరు?”

“నేను సారయ్యను. రేగుకుంట సొసైటీ ముంగట చాయ్ బండి నాదే.”

“సారయ్యన్నా! ఆడ ఎట్లున్నది?”

“ఎట్లుంటది, నా గిరాకి ఖరాబ్ జేసినవు. ఇందాకటిదాక నా బండి కాడ నిలవడే జాగ లేకుండె. నీ రైలు మాట ఒకడు ఇన్నడు, ఇంకొకనికి చెప్పిండు. గిలాసలు చేతులల్ల ఉండంగనే బండ్లు తిప్పిండ్రు. ఒకడైతే గిలాసతోనే పోయిండు.”

“అందరు పోయిండ్రా?”

“దులిపినట్టు పోయిండ్రు. సార్లు గేటు తీసిండ్రు. నిలవడ్డోనికి నిలవడ్డట్టే బస్తా ఇస్తున్నరు. మొన్నటిసంది గిసొంటిది చూడలే.”

“తండా ఆడోల్లు ఉండె గదా, చెప్పులు పెట్టుకొని. వాల్లకు దొరికిందా?”

“గది చూడలే. నేను ఇటు తిరిగి గిలాసలు కడుగుతున్న.”

“మంచిదన్నా. పోయిన గిలాస నేను కొనిస్త.”

“పెద్దది తే, చాయ్ పెద్ద గిలాసలనే అడుగుతరు.”

“తెస్త, తెస్త! కైలాసమన్న అద్దం అవతల మొకం ముడుసుకొని కూసున్నడు మిత్రులారా, నవ్వమంటే నవ్వుతలేడు. ఇగో, ఇంకో ఫోన్. కొత్త నంబరు. హలో, చెప్పండి, మీరు లైవ్‌ల ఉన్నరు.”

“చెల్లే, నేను కళావతిని. మా తండా లచ్చి ఫోన్లకెల్లి మాట్లాడుతున్న.”

“అక్కా! నీ కోసమే చూస్తున్న. గేటు తీసిండ్రంట గదా? ముందుకు పోయినవా?”

“పోయిన. మంది పోంగనే మళ్ల నేనే ముందల.”

“అబ్బ! ఇగ నాకు నిమ్మళం.”

“ఇందాక కోపం జేసిన, ఏమనుకోకు. ఆకలికి, నిద్రకు నోటికొచ్చింది అన్న.”

“ఏమనుకోను అక్కా. ఆ చప్పుడేంది? ఆటోల ఉన్నవా? బస్తా ఏసుకొని ఇంటికేనా?”

“ఇంటికి గాదు. తొర్రూరు దాటినం, తండావోల్లం అందరం ఉన్నం. లచ్చి చెవుల పెట్టుకొని రేడియో ఇంటుండె. నీ మాట ఇన్నది. డోర్నకల్‌ల రెండు బస్తాలంట, నిజమేనా, నమ్మొచ్చునా అని అందరు నన్నే అడిగిండ్రు. నీ దోస్తు గదా అని.”

“అక్కా...”

“నేను చెప్పిన వాల్లకు. చెల్లె ఉత్తగ చెప్పది, నేను తిట్టిన గదా, మనసున పెట్టుకొని మన కోసమే కనుక్కొని చెప్పింది అని. సారు బస్తా మీద చెయ్యి ఏసి అడిగిండు, ఇస్తుంటే పోతవేందమ్మా అని. ఒక్క రాత్రికి పదును ఆరదని మా జాగ ఊరోల్లకు ఇడిసిపెట్టినం. ఒక్క బస్తా తీస్కుంటే పాస్‌బుక్‌ల ఎక్కుతది, ఇగ డోర్నకల్‌ల ఇయ్యరు. ఒక్కదాంతోని ఏమైతది, ఆడ రెండు ఇస్తుంటే.”

“అక్కా, ఆటో ఆపు. ఎనకకు తిప్పు. ఆ రైలు... నేను ఒకటి చెప్పాలె...”

“చెప్పు శ్రీవాణీ. లైవ్‌లనే ఉన్నవు, అందరు ఇంటున్నరు. ఈసారి నేను పాట వెయ్యను. చెప్పు.”

“రేపు చెప్దువు తియ్యి చెల్లే, మొకం చూసుకొనే మాట్లాడుకుందాం. నువ్వు సుత పొద్దుగాల మొదటి బండికి డోర్నకల్ రా, మీ మహబూబాబాద్‌కు ఎంత దూరం? మూటల రొట్టెలున్నయి, అందరం కూసోని తిందాం. రైలు కాడ నేను చెయ్యి ఊపుత, నువ్వు వచ్చేదాక మా వోల్లను ఒక్కరిని సుత బస్తా ముట్టనియ్య.”