అత్తగారి తీరిక

కల్లంలో కోడలితో కలిసి మిరపకాయల తొడిమలు తీస్తున్న సువార్తమ్మకు నవ్వాగలేదు.

“తీరిగ్గా ఎట్టా ఉండాలో నేర్పటానిక్కూడా చదువుందా, పిల్లా?”

“ఉందత్తా. తీరిక, ఆరోగ్యం అని దూరవిద్యలో డిగ్రీ. ఇంట్లో పెద్దవాళ్ళ తీరిక గురించి రాసి రేపటికల్లా పంపాలి. చెప్పు, నీకు తీరికెప్పుడు?”

“ఆదివారం గుళ్ళో.”

“అది ప్రార్థన కదా!”

“పాస్టరుగారి ప్రసంగమప్పుడు నిద్రపోతాగా!”

“అట్టా రాస్తే మార్కులు పోతాయి. నిజంగా ఏం చేస్తే నీకు హాయిగా ఉంటుంది?”

సువార్తమ్మ కోడలి ముందున్న కాయల కుప్పను తనవైపు లాక్కుంది.

“ఇట్టా పని చేసుకుంటా నిన్ను ఆటపట్టిస్తే. ఇక లేచి రాసుకో. చేతులు బాగా కడుక్కో. మొన్నట్లా కారం చేత్తో కళ్ళు నలుపుకోబాకు, మావాడొచ్చి నేనే తిట్టాననుకుంటాడు.”