సొంత పెంపకం, సున్నా ఖరీదు

ఉత్తర ఇంగ్లండులో ఓ పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు. డైరెక్టరు గదిలో టీ చల్లారిపోతోంది. ఎదురుగా కూర్చున్నాయన ఆ క్లబ్బులోనే పెరిగిన ఆటగాడి తండ్రి.

“మా కీరన్‌ను అమ్మేస్తున్నారటగా సార్? ఏం తప్పు చేశాడు?”

“తప్పా! బంగారంలాంటి కుర్రాడండీ. వాణ్ణి అమ్మితేనేగా బ్రెజిల్ స్టార్ వచ్చేది!”

“బెంచీకి బరువుగా ముగ్గురున్నారుగా, వాళ్లనమ్మండి.”

“వాళ్లను కొన్నామండీ. ఆ ఖరీదు లెక్కల్లో ఐదేళ్లకు పరిచి రాశాం, ఇంకా సగం మిగిలే ఉంది. అంత ధర ఇప్పుడెవరూ ఇవ్వరు, అమ్మితే నష్టం. మీవాణ్ణి ఏడో ఏట నుంచీ మేమే పెంచాం, లెక్కల్లో ఖరీదు సున్నా. అమ్మితే వచ్చిందంతా లాభమే. లాభం చూపిస్తేనే లీగు వాళ్లు స్టార్‌ను కొననిస్తారు.”

“అంటే వాడు గోల్ కొట్టినప్పుడల్లా మీ గల్లా మోగిందన్నమాట! వాడికి ఈ క్లబ్బంటే ప్రాణం సార్.”

“మాకూ వాడు ప్రాణమే. ప్రాణానికి వెల కట్టలేకే సున్నా వేశాం.”

“మా రెండోవాడూ మీ అకాడమీలోనే ఉన్నాడు. వాడినైనా ఉంచుకుంటారా?”

“ఉంచుకోవాలంటే ఒకటే దారి. రేపే నది అవతలి క్లబ్బులో చేర్పించండి.”

“ఆ దొంగల దగ్గరా! మా ఇంట్లో వాళ్ల రంగు సాక్సు కూడా ఉండదు!”

“కాస్త ఓర్చుకోండి. పెద్దయ్యాక కోట్ల పౌండ్లు పోసి మేమే కొంటాం. ఇక మీరు అమ్మమన్నా అమ్మలేం.”